చేతుల చరిత్ర – 11: ట్యాంకు కారుతోంది, మీవాళ్ళెవరైనా ఉన్నారా?



పదో భాగం పెట్టి మూడు వారాలైంది. ఈసారి మునిసిపాలిటీల్లో కాంట్రాక్టు జీతాల గురించి రాస్తానని మాటిచ్చాను. దాన్ని పక్కన పెట్టి మా ఇంటి లెట్రిన్ ట్యాంకు గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. పది భాగాలుగా మనం మాట్లాడుకుంటున్న చరిత్రంతా నాకు ఆ పోత ఇనుప డబ్బాలో కనిపించింది.

మేం అద్దెకుంటున్న ఇల్లు పాతది. లెట్రిన్‌లో మనిషి నెత్తికి పైన, గోడకి బిగించిన ట్యాంకు ఉంది. దానికి గొలుసు. గొలుసు లాగి వదిలితే నీళ్ళు ధడేలున దూకుతాయి. ఇప్పటి పిల్లలు చాలామంది ఇలాంటిది చూసి ఉండరు. ఆ ట్యాంకుకి పక్కన ఇంకో సన్నటి పైపు ఉంటుంది. అది గోడలోంచి బయటికొచ్చి వెనక సందులోకి తెరుచుకుంటుంది. దాన్నే ఓవర్‌ఫ్లో పైపు అంటారు. పోయిన నెల అది కారడం మొదలుపెట్టింది. మొదట చుక్కలు, తర్వాత దారంలా, ఆ తర్వాత చిటికెన వేలంత ధార. మేడ మీద సిమెంటు తొట్టి నిండుగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. రాత్రి పడుకుంటే అదే చప్పుడు.

ఓనరు గారికి చెప్పాను. డెబ్బై దాటిన మనిషి, నెమ్మదైన మాట. మా కులం తెలిసే ఇల్లిచ్చారు, అది కాదనను. ఆయన ప్లంబరుని పిలిపించారు. ఆ కుర్రాడు లోపలికి చూసి, "కుళాయిలైతే చేస్తానండి, లెట్రిన్ ట్యాంకులో చెయ్యి పెట్టను" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఓనరు గారు నా వైపు తిరిగి చాలా మర్యాదగా అన్నారు: "మీవాళ్ళెవరైనా ఉంటే చూపించండి బాబూ, డబ్బులు నేనిచ్చేస్తాను."

మీవాళ్ళు.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా వాళ్ళలో కండక్టర్లున్నారు, నర్సులున్నారు, ఒక లాయరు ఉన్నాడు. ప్లంబరు ఒక్కడూ లేడు. కానీ ఆయన అడిగింది ప్లంబరుని కాదు కదా. పక్క గదిలో అమ్మ వింది. అమ్మ మునిసిపాలిటీలో ముప్పై ఏళ్ళు చీపురు పట్టి రిటైరైన మనిషి. ఏమీ అనలేదు. టీవీ సౌండు కొంచెం పెంచింది, అంతే.

మిత్రులారా, ఆ ట్యాంకులో ఏముంటుంది? ఒక్క నిమిషం ఆలోచించండి. మేడ మీద తొట్టిలోంచి ఒక పైపు వంటింటి కుళాయికి వస్తుంది, ఇంకో పైపు ఆ ట్యాంకుకి వస్తుంది. ఓనరు గారి ఇంట్లో ఏ నీళ్ళతో పప్పు ఉడుకుతుందో ఆ నీళ్ళే అందులోనూ ఉంటాయి. కింద బేసిన్‌కీ వాటికీ మధ్య ఆరడుగుల పైపు ఉంది, నీళ్ళు కిందికి పోవడమే తప్ప ఏదీ పైకి రాదు. అంటే అవి మంచినీళ్ళు. అయినా ప్లంబరు చెయ్యి పెట్టడు.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తర్వాత సనాతనులు ఆ చెరువులో 108 కుండల పేడ, మూత్రం, పాలు, పెరుగు పోసి శుద్ధి చేసుకున్నారు. మన చెయ్యి తగిలితే చెరువంత నీళ్ళు మైలపడ్డాయి. ఇక్కడేమో రెండు బకెట్ల శుభ్రమైన నీళ్ళు, ఎటు పోతాయో తెలిసిన పాపానికి, ముందే మైలపడి మనవైపోయాయి. మొదటిది మనల్ని తాకనివ్వని నీళ్ళు, రెండోది మనమే తాకాల్సిన నీళ్ళు. ఈ తర్కాన్ని ఏ సైన్సూ వివరించలేదు.

సరే, చరిత్రలోకి వెళదాం.

నీళ్ళతో కడిగే లెట్రిన్‌ని ఇంగ్లాండులో మొదట తయారుచేసింది జాన్ హారింగ్టన్ అనే దొర. మొదటి ఎలిజబెత్ రాణికి వరసకి కొడుకులాంటివాడు, ఆవిడ జ్ఞానస్నాన సాక్షిగా ఉన్న పిల్లవాడు. 1596లో దాని మీద ఒక వ్యంగ్య పుస్తకం కూడా రాశాడు. అది అక్కడితో ఆగిపోయింది. అసలు మలుపు 1775లో వచ్చింది. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే మనిషి బేసిన్ కింద పైపుని ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంచి పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే మూత. కింది వాసన పైకి రాదు. మన చట్టాల్లో 'వాటర్ సీల్' అనే మాట ఉందే, అది ఆ వంపే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. మూడేళ్ళ తర్వాత, 1778లో, జోసెఫ్ బ్రామా అనే వడ్రంగి పని తెలిసిన మనిషి దాన్ని ఇంకా మెరుగుపరిచాడు.

1851లో లండన్ హైడ్ పార్కులో ఒక పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. జార్జ్ జెన్నింగ్స్ అనే ఆయన అక్కడ ఫ్లష్ లెట్రిన్లు పెట్టి మనిషికి ఒక పెన్నీ వసూలు చేశాడు. 8 లక్షల 27 వేలమందికి పైగా వాడుకున్నారని లెక్క. ఇంటికి వెళ్ళాక వాళ్ళందరికీ అదే కావాలనిపించింది. అందరూ పెట్టించుకున్నారు. అప్పటిదాకా లండన్ ఇళ్ళ కింద మలం గుంటలుండేవి. వాటిని రాత్రిపూట మనుషులే తోడేవారు. ఇప్పుడు ఫ్లష్ నీళ్ళన్నీ ఆ గుంటల్లోకి దిగి గుంటలు పొంగాయి. పొంగిందంతా కాలవల్లో పడి థేమ్స్ నదికి చేరింది. ఆ నది నీళ్ళే జనం తాగారు. కలరా వచ్చింది. 1858 ఎండాకాలంలో నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీల తెరలని సున్నం మందులో ముంచి వేలాడదీశారు. తమ ముక్కుకి తగిలాక సభ్యులకి చలనం వచ్చి, బాజల్‌జెట్ అనే ఇంజనీరుకి డబ్బులిచ్చి లండన్ కింద భూగర్భ డ్రైనేజీ కట్టించారు. పాలకుల ముక్కుకి తగలందే పని కాదన్నది అక్కడా అంతే.

ఒక్క తేడా చెప్పి ముందుకెళతాను. లండన్‌లో గుంటలు తోడినవాళ్ళూ పేదవాళ్ళే, వాళ్ళనీ దూరంగానే పెట్టారు. కానీ వాళ్ళ కొడుకు ఆ పనే చెయ్యాలని ఏ శాస్త్రమూ రాయలేదు. డ్రైనేజీ వచ్చాక ఆ పని పోయింది, పని పోయాక ఆ పేరూ పోయింది. బాబాసాహెబ్ గాంధీతో తగువు పెట్టుకున్నది సరిగ్గా ఈ చోటే. ఇక్కడ పనిని బట్టి మనిషికి పేరు రాలేదు, పుట్టుకని బట్టి వచ్చింది, పని మానేసినా ఆ పేరు వదలదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ని "మీవాళ్ళెవరైనా ఉన్నారా" అని అడగడంలో ఉన్నది అదే.

ఇక ఓవర్‌ఫ్లో పైపు సంగతి. నాకు బాగా నచ్చిన భాగం ఇది.

లండన్‌లో ఫ్లష్‌లు పెరిగేసరికి నీళ్ళ కంపెనీలకి దడ పుట్టింది. పాత ట్యాంకుల అడుగున ఒక వాల్వు ఉండేది. అది అరిగిపోతే నీళ్ళు రాత్రింబవళ్ళు బేసిన్‌లోకి కారిపోయేవి, ఎవరికీ కనబడేది కాదు. కొంతమంది గొలుసుని లాగి కట్టేసి వదిలేసేవారు. దాంతో 1871లో ఒక చట్టం చేసి, ఆ వెంటనే నిబంధనలు రాశారు. లెట్రిన్ ట్యాంకు ఒక్కసారికి 2 గ్యాలన్లకి మించి, అంటే సుమారు 9 లీటర్లకి మించి, వదలకూడదు. ఓవర్‌ఫ్లో పైపుల్ని గుట్టుగా డ్రైనేజీలోకి కలపకూడదు. బయటికి, కంటికి కనబడే చోటికి తియ్యాలి. అలా తీసిన పైపుకి వాళ్ళు పెట్టిన పేరుని మన మాటలో చెప్పాలంటే 'హెచ్చరిక పైపు'. వీధిలో పోతున్న కంపెనీ మనిషికి ఆ ధార కనబడాలి. ఫలానా ఇంట్లో తప్పు జరుగుతోందని ఊరికి తెలియాలి. ఇంటివాడు సిగ్గుపడి బాగుచేయించుకోవాలి.

అంటే ఆ పైపు ఉన్నదే ఇంటి యజమానిని బయటపెట్టడానికి.

అప్పటి నుంచి అక్కడ వాల్వు లేని ట్యాంకులు వాడుకలోకి వచ్చాయి. 'నీళ్ళు వృథా కానివ్వనిది' అని వాటికి పేరు. లోపల ఒక ఇనుప గంట ఉంటుంది. గొలుసు లాగితే గంట లేస్తుంది, వదిలితే పడుతుంది. పడేటప్పుడు కొన్ని నీళ్ళని మధ్య గొట్టంలోకి తోస్తుంది. ఆ నీళ్ళు దిగుతూ మిగతా నీళ్ళనంతా వెంట లాక్కెళతాయి. కిరోసిను డబ్బాలో రబ్బరు ట్యూబు పెట్టి నోటితో ఒకసారి పీల్చి వదిలితే డబ్బా అంతా దిగిపోయేది గుర్తుందా, అదే సూత్రం. అరిగిపోయే వాల్వు లేదు కాబట్టి నీళ్ళు బేసిన్‌లోకి దొంగతనంగా కారవు. ఇలాంటి పాత ట్యాంకులో ఏదైనా చెడితే బయటపడేది ఆ హెచ్చరిక పైపులోనే. మా ఇంట్లో ఉన్నది ఈ రకమే.

మరి ఇంత తెలివైన యంత్రం ఇండియాకి ఎప్పుడొచ్చింది? తెల్లవాళ్ళతో పాటే రావాలి కదా? రాలేదు. లండన్‌లో గొలుసు లాగిన దొరే ఇక్కడి బంగళాలో కింద డబ్బా పెట్టిన చెక్క కుర్చీ మీద కూర్చున్నాడు. పాత బంగళాలు చూస్తే తెలుస్తుంది, స్నానాల గదికి వెనక నుంచి వేరే తలుపుంటుంది. ఆ తలుపు మనకోసమే. ఇంటి లోపలికి అడుగు పెట్టకుండా, ఎవరికీ ఎదురుపడకుండా వచ్చి డబ్బా తీసుకుపోవడానికి. కలకత్తా, బొంబాయి లాంటి చోట్ల నడిమి ఊళ్ళకి పంతొమ్మిదో శతాబ్దంలోనే డ్రైనేజీ వేశారు. హైదరాబాదులో 1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించి డ్రైనేజీకి ప్లాను గీయించారు. మిగతా ఊళ్ళకి ఎందుకు వెయ్యలేదంటే డబ్బు లేదన్నారు, నీళ్ళు లేవన్నారు. అది అబద్ధమని అనను. కానీ అసలు కారణం వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. ఉచితంగా ఎత్తే చెయ్యి ఉన్నప్పుడు పైపులెందుకు?

కోస్తాలో ఆ చెయ్యి రెల్లివాళ్ళది. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం, ఇంట్లో ఒడియాకి దగ్గరగా ఉండే మాట మాది. రాయలసీమలో తోటివాళ్ళు, మాదిగలు. హైదరాబాదులో ఉత్తరాది నుంచి తెచ్చిన మెహతర్లు. ఊరు మారితే కులం పేరు మారింది, తట్ట మారలేదు.

మా మామ్మ పనిచేసిన సందు, ఇప్పుడు మా ఓవర్‌ఫ్లో పైపు కారుతున్న సందు ఒకటే. మేం ఈ ఇంటికి వచ్చాక అమ్మ చెబితే తెలిసింది. ఆ సందుని పాకీ సందు అనేవారు. రెండు వరసల ఇళ్ళ వీపుల మధ్య నాలుగడుగుల దారి. ప్రతి ఇంటి వెనక గోడకీ నేలబారున ఒక చిన్న రేకు తలుపు. పైన రెండు ఇటుకల మీద మనిషి కూర్చుంటే కింద డబ్బా. తెల్లారకుండా మామ్మ ఆ తలుపెత్తి, రేకు ముక్కతో గీకి, తట్టలోకి ఎత్తి, బూడిద చల్లి, నెత్తిన పెట్టుకుని నడిచేది. వానాకాలం తట్ట కారి మొహం మీదికి వచ్చేది. కొంగుని చుట్టకుదురుగా చుట్టుకునేది. ఒకసారి తలుపెత్తి చెయ్యి పెట్టేసరికి పైన మనిషి ఉన్నాడట, కేకలేశాడట. పైన కూర్చున్నది అతను, తిట్లు తిన్నది మామ్మ. జీతం కాకుండా ఇంటింటికీ ఒక రొట్టో, చల్దన్నమో. పండగకి పాత చీర. పైనుంచి చేతిలో పడేసేవారు.

మామ్మ అన్నం తినేటప్పుడు కుడిచేతిని ముందు వాసన చూసుకునేది. పని మానేసిన పదేళ్ళకి కూడా.

స్వతంత్రం వచ్చింది. ఏం చేశారు? కమిటీలు వేశారు. 1949లో బొంబాయి ప్రభుత్వం బర్వే కమిటీ వేసింది. 1957లో కేంద్రం మల్కానీ కమిటీ వేసింది, అది 1960లో రిపోర్టిచ్చింది. ఆ మనుషుల చిత్తశుద్ధిని నేను శంకించను, రిపోర్టుల్లో మనవాళ్ళ బాధ నిజాయితీగానే రాశారు. కానీ వాటిలోంచి ప్రభుత్వాలకి అందింది ఏమిటో చూడండి. నెత్తిన మొయ్యడం మాన్పించాలి, తోపుడు బండి ఇవ్వాలి, మూత ఉన్న బకెట్లు ఇవ్వాలి. చెయ్యి అలాగే ఉంటుంది, చేతికి గ్లౌజు వస్తుంది. 1775 నాటి ఆ వంకర పైపు సంగతి ఇంజనీర్లందరికీ తెలుసు. అదే ఊళ్ళో సినిమా హాలుకి, కలెక్టరాఫీసుకి, డాక్టరు గారింటికి అది బిగించి ఉంది. మామ్మకి మాత్రం తోపుడు బండి. మా ఊళ్ళో అదీ రాలేదనుకోండి.

1970లో బిందేశ్వర్ పాఠక్ సులభ్ మొదలుపెట్టారు. రెండు గుంటలు, వంకర పైపు, పైన ట్యాంకు అక్కర్లేదు, ఒకటిన్నర లీటరు నీళ్ళు చేత్తో పోస్తే చాలు. ఆయనతో నాకు చాలా పేచీలున్నాయి, అవి ఇంకోసారి. కానీ నీళ్ళు లేవు, డబ్బు లేదు అన్న సాకు మాత్రం ఆ రోజుతో చచ్చిపోయింది. ఆ తర్వాత కూడా తట్ట కొనసాగిందంటే కారణం ఇంకేదో ఉన్నట్టే కదా.

చట్టం 1993లో వచ్చింది. పాకీ పని చేయించడాన్ని, డ్రై లెట్రిన్లు కట్టడాన్ని నిషేధించే చట్టం. డ్రై లెట్రిన్ అంటే ఏమిటో అందులో నిర్వచనం ఉంది: వాటర్ సీల్ లేనిది. కమింగ్ గారి వంపు ఇదిగో, మళ్ళీ వచ్చింది. లండన్‌లో పేటెంటు అయిన 218 ఏళ్ళకి మన చట్టంలోకి ఎక్కింది. ఎక్కాక కూడా నాలుగేళ్ళు పడుకుంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో 1997 జనవరి 26న అమల్లోకి వచ్చింది. మిగతా రాష్ట్రాలు విడివిడిగా ఒప్పుకుంటే తప్ప వాటికి వర్తించేది కాదు.

ఈ చట్టాన్ని నిద్ర లేపింది మనవాళ్ళే. కోలార్ బంగారు గనుల ఊళ్ళో తోటి కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, సాంఘిక సంక్షేమంలో మన హాస్టళ్ళకి ప్రాణం పోసిన ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ కలిసి 1994లో సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలుపెట్టారు. విల్సన్ అన్న కెమెరా పట్టుకుని డ్రై లెట్రిన్ల ఫొటోలు తీశాడు. ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఊరూరా తిరిగి లెక్కలు రాశారు. ఆడవాళ్ళు గునపాలు పట్టుకుని తాము రోజూ ఎత్తే దొడ్లనే పడగొట్టారు. తట్టలు కుప్పపోసి తగలబెట్టారు. 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటి, మా రాష్ట్రంలో ఆ పని చేసేవాళ్ళే లేరని అఫిడవిట్లు వేశాయి. సంస్థవాళ్ళు ఫొటోలు, పేర్లు, ఊళ్ళు కోర్టు ముందు పెడుతూనే ఉన్నారు. కేసు పదేళ్ళకి పైగా సాగింది. ఆ మధ్యలోనే వచ్చిన 2011 జనాభా లెక్కల్లో, మనుషులు చేత్తో ఎత్తే లెట్రిన్లు దేశంలో 7,94,390 ఉన్నాయని ప్రభుత్వమే రాసుకుంది. కొత్త చట్టం 2013 డిసెంబర్ 6న అమల్లోకి వచ్చింది. తేదీ చూశారా, బాబాసాహెబ్ వర్ధంతి. కోర్టు తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. అది చూడకుండానే 2010 అక్టోబర్‌లో శంకరన్ గారు వెళ్ళిపోయారు.

మా సందులో చివరి రేకు తలుపుకి ఇటుకలు పేర్చి మూసేసిన రోజు నాకు గుర్తుంది. నేను ఏడో తరగతి. మూసింది మేస్త్రీ, కానీ ముందు దాన్ని కడగమని మామ్మనే పిలిచారు. కడిగి వచ్చి గుమ్మంలో కూర్చుని, "ఇంక నన్నెవరు పిలుస్తారు?" అంది. సంతోషమో, బెంగో నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడూ పూర్తిగా కాలేదు. చల్దన్నం ఆగిపోతుందన్న భయం కూడా అందులో ఉందని అమ్మ అంటుంది.

తట్ట పోయి సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్ వచ్చాయి, వాటిలోకి మళ్ళీ మనవాళ్ళే దిగుతున్నారు. 2014లో కోర్టు చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలంది, 2023లో 30 లక్షలంది. ఆ లెక్కలు రాయాలంటే ఒక భాగం సరిపోదు. పన్నెండో భాగం దానికే.

ఇప్పుడు మా ట్యాంకు దగ్గరికి రండి.

పది రోజులు కారనిచ్చాను. నిజం చెప్పాలంటే పంతం. రిపేరు నాకు వచ్చు, హాస్టల్లో ఉండగా నేర్చుకున్నాను. కానీ నేను ఎక్కి చేస్తే "మీవాళ్ళెవరైనా" అన్న ప్రశ్నకి జవాబు నేనే అవుతాను. చెయ్యకపోతే నీళ్ళు పోతాయి. సందు చివర మా పాత పేటలో ఇప్పటికీ వీధి కుళాయి దగ్గర బిందెల వరసే. అమ్మ రోజూ పైపు కింద బకెట్టు పెట్టి, నిండినవి పక్కింటి పాపతో పేటకి పంపేది. పదకొండో రోజు పొద్దున నాతో అంది: "నీ పంతానికి ఎవరి నీళ్ళురా పోతున్నాయి?"

ఓనరు గారి దగ్గరికి వెళ్ళాను. "మావాళ్ళు ఎవరూ లేరండి. ఎలా చెయ్యాలో నేను చెబుతాను. చెయ్యి మాత్రం మీ ఇంటిది కావాలి" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూశారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన ఎక్కలేరు. మనవడు సెలవులకి వచ్చాడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, మెకానికల్. వాణ్ణి పిలిచారు. లోపలి నుంచి పెద్దావిడ గొంతు వినబడింది: "వాడికెందుకండీ ఆ పని?" ఆయన జవాబు చెప్పలేదు. స్టూలు మాత్రం ఆయనే తెచ్చి వేశారు.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి ట్యాంకులుండొచ్చు కాబట్టి వివరంగానే రాస్తున్నాను. ముందు ట్యాంకుకి నీళ్ళొచ్చే దారిలో కాక్ కట్టెయ్యాలి. మూత తీస్తే లోపల ఒక కడ్డీ, దాని చివర బంతి కనబడతాయి. నీళ్ళు పెరిగేకొద్దీ బంతి తేలుతుంది, కడ్డీ లేస్తుంది, కడ్డీ రెండో చివర నీళ్ళ కన్నాన్ని నొక్కి మూస్తుంది. ట్యాంకు పొంగుతోందంటే ఈ మూతపడే పనిలో ఎక్కడో లోపముంది. బంతిని విప్పి చెవి దగ్గర ఊపి చూడండి. లోపల నీళ్ళ చప్పుడు వస్తే బంతికి చిల్లు పడినట్టు, అది సరిగా తేలదు, మార్చెయ్యాలి. ఊరికే ఒక్కరోజుకైతే పాలిథిన్ సంచి చుట్టి గట్టిగా కట్టినా నడుస్తుంది. బంతి బాగుంటే కడ్డీ మొదట్లో ఉన్న పిన్ను లాగి, చిన్న ముక్కని బయటికి తీస్తే దాని చివర రబ్బరు వాషర్ ఉంటుంది. అది గుంట పడిపోయినా, మధ్యలో ఇసుక రేణువు ఇరుక్కున్నా కన్నం మూతపడదు. తుడవండి, కొత్త వాషర్ వెయ్యండి. అన్నీ బాగుండి కూడా నీళ్ళు పైపుదాకా వస్తుంటే బంతి ఉన్న చివరని కిందికి కొంచెం వంచండి, నీళ్ళు తక్కువ ఎత్తులోనే ఆగిపోతాయి. ఓవర్‌ఫ్లో కన్నానికి ఒక అంగుళం కింద ఆగాలి. ఆ కన్నంలో సాలెగూళ్ళు, బల్లి గుడ్లు లేకుండా కూడా చూసుకోండి, అది మూసుకుపోతే ఈసారి నీళ్ళు మీ నెత్తిన పడతాయి.

మాది రాగి బంతి. కుర్రాడు ఊపి చూశాడు, చప్పుడు లేదు. పిన్ను తుప్పు పట్టి రాలేదు, కొబ్బరి నూనె పోసి కాసేపు ఆగాం. వాషర్ తీస్తే అరిగి పల్లెంలా అయిపోయి ఉంది. కొత్తది నా జేబులోనే ఉంది, పది రోజుల కిందటే కొనిపెట్టుకున్నాను. వాడు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా ట్యాంకులో పెట్టాడు. ఒక క్షణం ఆగి, "సార్, నీళ్ళు బానే ఉన్నాయి" అన్నాడు ఆశ్చర్యంగా.

"మీ వంటింట్లోవే" అన్నాను.

కాక్ తిప్పాం. ట్యాంకు నిండింది. బంతి లేచి ఆగింది. ఓనరు గారు కింద నిలబడి టార్చి పట్టుకుని ఉన్నారు. సందులో అమ్మ పైపు కింద నిలబడి చూస్తోంది.

"ఆగిందా అమ్మా?" అని అరిచాను.

"ఆగలేదు. ఇంకా చుక్క పడతానే ఉంది."

కడ్డీని ఇంకో అరంగుళం వంచమని కుర్రాడికి చెప్పాను.

(ఇంకా ఉంది)